రొనాల్డ్ రాస్, దోమ, బెంగళూరు తొట్టి: మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలు

ప్రతి ఏడాది ఆగస్టు 20, అంటే ప్రపంచ దోమల దినం, దగ్గర పడిందంటే మా బెంగళూరు అపార్ట్‌మెంట్ తెలుగు గ్రూపులో ఎవరో ఒకరు రాస్ ఫోటో పెడతారు, మలేరియాని దోమ మోస్తుందని చూపించిన డాక్టర్ ఈయనే. దాని కింద ముప్పై మెసేజ్‌లు, సగం మంది "మలేరియా సంగతి తేల్చింది మన బెంగళూరులోనే అంట కదా" అని, మిగతా సగం "కాదు, మా సికింద్రాబాద్‌లో" అని. మాది కర్నూలు, ఈ ఊరొచ్చి పదకొండేళ్ళయింది, పని ల్యాబ్‌లో, రోజూ బ్లడ్ స్మియర్లు (గాజు పలక మీద పూసిన రక్తపు చుక్కలు) మైక్రోస్కోప్‌లో చూడటమే నా ఉద్యోగం కాబట్టి ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి. ప్రతిసారీ టైప్ చేయలేక ఒకేచోట రాసి పెడుతున్నా, ఎక్కడ్నుంచైనా చదువుకోవచ్చు, వరసగా చదవక్కర్లేదు.

## పుట్టుక, చదువు

రాస్ ఇండియనా, ఇంగ్లీషువాడా?

పుట్టింది మన దేశంలోనే, హిమాలయాల్లో ఆల్మోరాలో, 1857 మే 13న. అంటే సిపాయిల తిరుగుబాటు మొదలైన మూడు రోజులకి. నాన్న బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో ఆఫీసర్, తర్వాత జనరల్ అయ్యాడు. పది మంది పిల్లల్లో ఈయనే పెద్దోడు. ఎనిమిదేళ్ళకే చదువుకి ఇంగ్లాండ్ పంపేశారు. కాబట్టి పుట్టుక ఇక్కడ, పెంపకం అక్కడ, పేరొచ్చిన పని మళ్ళీ ఇక్కడ.

చిన్నప్పట్నుంచీ డాక్టర్ అవ్వాలనే అనుకున్నాడా?

అస్సలు లేదు. ఆయనకి కవిత్వం, సంగీతం, లెక్కలు ఇష్టం. డాక్టర్ చదవాలన్నది నాన్న పట్టు. మన ఇళ్ళల్లో ఎంసెట్ కోచింగ్‌లో వేసినట్టే లండన్‌లో సెయింట్ బార్తొలోమ్యూస్ హాస్పిటల్లో చేర్పించాడు, ఈయనేమో క్లాసులు వదిలేసి పద్యాలు రాసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత కూడా ఆ పిచ్చి పోలేదు, నవలలు రాశాడు, నాటకాలు రాశాడు. అవి ఇప్పుడెవరూ చదవట్లేదు, అది వేరే సంగతి.

పరీక్షల్లో ఫెయిల్ అయ్యాడంట, నిజమా?

నిజమే. 1879లో సర్జన్ల పరీక్ష పాసయ్యాడు గానీ ఇంకో లైసెన్స్ పరీక్ష మొదటిసారి తప్పాడు. కొన్నాళ్ళు ఓడల్లో డాక్టర్‌గా తిరిగి మళ్ళీ రాసి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లోకి వచ్చాడు. ర్యాంకు గొప్పగా ఏం రాలేదు, దాంతో మద్రాస్ ప్రెసిడెన్సీలో పోస్టింగ్. ఆ ర్యాంకు బాగా వచ్చుంటే బెంగాల్ వైపు వెళ్ళిపోయేవాడేమో, అప్పుడు మన గ్రూపులో ఈ గొడవే ఉండేది కాదు.

## మొదటిసారి బెంగళూరు

అన్నా, ఆ నీళ్ళ తొట్టి కథ నిజంగా జరిగిందా, ఎవరన్నా అల్లిందా?

జరిగిందే, రాస్ స్వయంగా తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. 1883లో బెంగళూరు కంటోన్మెంట్‌లో తాత్కాలిక గ్యారిసన్ సర్జన్‌గా, అంటే అక్కడి సైన్యానికి డాక్టర్‌గా వచ్చాడు, బంగ్లా ఇచ్చారు, బంగ్లా బాగా నచ్చింది, ఒక్క దోమలతోనే చచ్చిపోతున్నాడు. చుట్టుపక్కల బంగ్లాల కంటే తన దగ్గరే ఎక్కువ ఎందుకున్నాయా అని చూస్తే కిటికీ బయట ఒక తొట్టి, దాని చుట్టూ దోమలు ముసురుకుని ఉన్నాయి, లోపలికి తొంగి చూస్తే నీళ్ళ నిండా గిలగిలా కొట్టుకునే పురుగులు. తొట్టి బోర్లించేశాడు. దోమలు తగ్గాయి. అంతే కథ.

అసలు కామెడీ తర్వాతది. ఆఫీసర్ల మెస్‌లో కూడా దోమలే, అక్కడా తొట్లున్నాయి, వాటిని కూడా ఖాళీ చేయిస్తా అని అడ్జుటెంట్‌కి, అంటే ఆఫీసు పనులు చూసే సైనికాధికారికి చెప్తే ఆయన వెటకారంగా నవ్వి ఒప్పుకోలేదు, అలా చేస్తే సృష్టి క్రమం చెడిపోతుందన్నాడట. నాకైతే రాస్ జీవితం మొత్తంలో ఇదే పెద్ద ఘట్టం అనిపిస్తుంది, నోబెల్ కంటే కూడా. రోగం సంగతి తెలియకముందే మందు చేతిలోకి వచ్చింది, దాన్ని ఆపింది మాత్రం ఒక ఆఫీసు మనిషి.

మరి అప్పుడే మలేరియా దోమ వల్ల వస్తుందని తెలిసిపోయినట్టేగా?

కాదు, ఇక్కడే అందరూ పొరపడతారు. 1883లో ఆయనకి దోమంటే నిద్ర చెడగొట్టే పురుగు మాత్రమే, జ్వరానికీ దానికీ ముడి పెట్టనే లేదు. మలేరియా అంటే చెడు గాలి అని అర్థం, బురద నేలల్లోంచి వచ్చే ఆవిరి వల్ల వస్తుందని ఎక్కువమంది నమ్మకం. మన పెద్దవాళ్ళు మన్యం జ్వరం అనేవాళ్ళే, అడవి గాలి పడలేదు అనేవాళ్ళే, దాదాపు అదే మాట. తొట్టి బోర్లించాక రాస్ బర్మా, అండమాన్ అన్నీ తిరిగాడు, ఇంగ్లాండ్ వెళ్ళి ప్రజారోగ్యంలో డిప్లొమా, బాక్టీరియాల కోర్సు చేశాడు, 1889లో పెళ్ళి చేసుకున్నాడు. మలేరియా మీద గట్టిగా మనసు పెట్టింది 1892 దగ్గర్నుంచే.

## మేన్సన్, మళ్ళీ బెంగళూరు

దోమ ఐడియా రాస్‌దా, మేన్సన్‌దా?

ఐడియా మేన్సన్‌ది, చెమట రాస్‌ది. పాట్రిక్ మేన్సన్ చైనాలో పనిచేసిన డాక్టర్, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని 1870ల చివర్లోనే చూపించాడు. ఇంకోపక్క 1880లో లావెరాన్ అనే ఫ్రెంచ్ ఆర్మీ డాక్టర్ అల్జీరియాలో మలేరియా రోగుల రక్తంలో పరాన్నజీవిని చూశాడు. రాస్ మొదట్లో లావెరాన్ మాట నమ్మలేదు, ఎన్ని స్లైడ్లు చూసినా ఆయనకి కనపడలేదు మరి. 1894లో లండన్‌లో మేన్సన్ తన మైక్రోస్కోప్‌లో చూపించాక నమ్మాడు. ఇది కూడా దోమ ద్వారానే తిరుగుతుందేమో, ఇండియాలో వెతుకు, అన్నది మేన్సన్. ఇద్దరూ ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకున్నారు. రాస్ డీలా పడ్డప్పుడల్లా లండన్ నుంచి ఓదార్పు ఉత్తరం వచ్చేది.

మనుషుల చేత దోమలు నానిన నీళ్ళు తాగించాడంట, ఛీ, నిజమేనా?

నిజమే, చదవడానికి ఇబ్బందిగానే ఉంటుంది. మేన్సన్ అంచనా ఏంటంటే దోమ రక్తం తాగి, నీళ్ళలో గుడ్లు పెట్టి చచ్చిపోతుంది, ఆ నీళ్ళు తాగినోళ్ళకి జ్వరం వస్తుంది అని. కుడితే వస్తుందన్న మాట అప్పటికి ఖాయం కాలేదు. అందుకని 1895లో సికింద్రాబాద్‌లో, రోగిని కుట్టిన దోమలు చచ్చిన నీళ్ళని కొంతమంది చేత తాగించాడు. లచ్చుమన్ అని రాసుకున్న ఒక కుర్రాడికి జ్వరం వచ్చేసరికి సంబరపడ్డాడు, మిగతావాళ్ళకి ఏమీ కాకపోయేసరికి అది ఉత్తదే అని తేలింది. ఒప్పుకునే తాగారు అని రాస్ రాశాడు. దొర అడిగితే కుర్రాడు కాదంటాడా చెప్పండి. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ కూడా ఆ కాగితం మీద సంతకం పెట్టదు.

1895లో బెంగళూరు మళ్ళీ ఎందుకొచ్చాడు? మలేరియా కోసమా?

మలేరియా కోసం కాదు, కలరా కోసం. సికింద్రాబాద్‌లో పని ఊపందుకుంటున్న టైమ్‌లో సెప్టెంబర్‌లో ఆర్డర్ వచ్చింది, బెంగళూరులో కలరా, వెళ్ళి ఊరి శానిటేషన్ చూడు అని. 1897 తొలి నెలల దాకా ఇక్కడే. ఊరి శుభ్రత పనిలోనే టైమంతా పోయింది, దోమలకి మిగిలింది తక్కువ. ఆ కాస్తలోనే జరిగిన ఒక సంగతి మనోళ్ళెవరికీ తెలీదు: శివాజీనగర్‌లో ఇప్పటికీ ఉన్న బౌరింగ్ హాస్పిటల్‌లో అసిస్టెంట్ సర్జన్‌గా ఉన్న ఒకాయన, రాస్ కాగితాల్లో ఆయన పేరు అప్పియా, మలేరియా రోగుల రక్తం తాగిన దోమల చేత తనే కుట్టించుకున్నాడు. జ్వరం రాలేదు. రాస్ చేతిలో ఉన్నవి మలేరియా మోసే జాతి దోమలు కావు మరి. బౌరింగ్ మీదుగా బస్సులో వెళ్ళినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

రాస్‌కే మలేరియా వచ్చిందంట?

వచ్చింది. 1897లో సెలవు పెట్టి ఊటీ వెళ్ళి, అక్కడ్నుంచి కింద సిగూరు ఘాట్‌కి దిగాడు, ఆ లోయ జ్వరాలకి పేరు మోసింది. దిగిన కొద్ది రోజులకే ఈయన పడ్డాడు. క్వినైన్ అనే మలేరియా మందుతో తేరుకున్నాడు.

## సికింద్రాబాద్, ఆగస్టు 1897

ఆగస్టు 20న అసలు ఏం జరిగింది? సింపుల్‌గా చెప్పండి

జూన్‌లో సికింద్రాబాద్ తిరిగొచ్చాడు, బేగంపేట మిలిటరీ హాస్పిటల్లో చిన్న గది. రెండేళ్ళుగా ఈయన కోసింది బూడిదరంగు దోమలు, చారల దోమలు, అంటే ఇప్పుడు మనం క్యూలెక్స్, ఏడిస్ అంటున్నవి. వాటిలో మనిషి మలేరియా పెరగదు. ఈ సంగతి తెలీక వందల దోమల పొట్టలు కోసి కోసి ఏమీ దొరక్క కూర్చున్నాడు. ఆయనకి జాతుల పేర్లు కూడా తెలీవు, తనే బూడిద, చారలు అని పేర్లు పెట్టుకున్నాడు. ఆగస్టు మధ్యలో పనివాళ్ళు పట్టుకొచ్చిన లార్వాల్లోంచి కొత్త రకం దోమలు బయటికొచ్చాయి, రెక్కల మీద మచ్చలు. అవే అనాఫిలిస్. 16న వాటిని హుస్సేన్ ఖాన్ అనే రోగి మీద వదిలితే తాగాయి. తర్వాత రోజుకి కొన్ని చొప్పున కోస్తూ, కొన్ని చచ్చిపోతూ, 20కి మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఉక్కపోత, పంకా లాగిస్తే దోమలు ఎగిరిపోతాయని లాగించలేదు, నుదుటి మీంచి, చేతుల మీంచి కారిన చెమటకి మైక్రోస్కోప్ స్క్రూలు తుప్పు పట్టాయి, ఉన్న ఒక్క ఐపీస్ పగిలి ఉంది. ఏసీ గదిలో కూర్చుని స్లైడ్ చూసే నాకే మధ్యాహ్నం మూడు దాటితే కళ్ళు మూతలు పడతాయి. ఆ అవస్థలో దోమ పొట్ట గోడ మీద గుండ్రటి కణం ఒకటి కనపడింది, లోపల నల్లటి రేణువులు. ఆ నలుపే కీలకం, ఎందుకంటే మలేరియా పరాన్నజీవి మనిషి రక్తంలో ఉన్నప్పుడు ఉండే రంగు అచ్చం అదే. మర్నాడు 21న ఇంకో దోమని కోస్తే అవే కణాలు, నిన్నటి కంటే పెద్దవిగా. అంటే పెరుగుతున్నాయి. ఆ మర్నాటి దోమ లేకపోతే మొదటిది కంటి భ్రమ అనుకునేవాళ్ళు, నన్నడిగితే 20 కంటే 21కే ఎక్కువ మార్కులు వేస్తా.

హుస్సేన్ ఖాన్ ఎవరు? ఆయనకి ఏమిచ్చారు?

సికింద్రాబాద్‌లో మలేరియాతో హాస్పిటల్లో చేరిన రోగి. కుట్టిన దోమకి అణా చొప్పున రాస్ ఇచ్చాడు. దోమతెరలో పడుకోబెట్టి లోపల దోమల్ని వదిలేవాళ్ళు, ఆయన ఓపిగ్గా కుట్టించుకునేవాడు. ఆ ఆగస్టు దోమలు తాగిన రక్తం ఆయనదే. రాస్ పేరున రోడ్డుంది, హాస్పిటలుంది. హుస్సేన్ ఖాన్ పేరున ఒక్క బస్టాపైనా పెట్టొచ్చు కదా అని నా గొణుగుడు.

## కలకత్తా, ఇటలీ, నోబెల్

సికింద్రాబాద్‌లో దొరికిపోయాక మళ్ళీ కలకత్తా ఎందుకు?

సగమే దొరికింది కాబట్టి. రోగి నుంచి దోమలోకి వెళ్తుందని తేలింది, దోమ నుంచి మనిషికి ఎలా వస్తుందో తేలలేదు. ఆ సగం పట్టుకుందాం అనుకునేలోపు ట్రాన్స్‌ఫర్! రాజపుతానా (ఇప్పటి రాజస్థాన్)లోని ఖేర్వారాకి, అక్కడ పని చేయడానికి మలేరియా కేసులే లేవు. ప్రభుత్వ ఉద్యోగం చేసినోళ్ళకి ఈ బాధ ఎవరూ చెప్పక్కర్లేదు. మేన్సన్ లండన్‌లో పైరవీ చేయగా 1898 మొదట్లో కలకత్తాలో స్పెషల్ డ్యూటీ ఇచ్చారు. అక్కడ ప్లేగు భయం, ప్లేగు టీకాల భయం, సూది చూస్తే జనం పరుగే, రక్తం ఇచ్చేవాళ్ళు లేరు. అందుకని పక్షుల మలేరియా మీద పడ్డాడు, పిచ్చుకలు అవీ. సహాయానికి మహమ్మద్ బక్స్ అనే ఆయన, దోమల్ని పెంచడం, పిట్టల్ని చూసుకోవడం ఆయన పనే. జులైలో తేలింది: పరాన్నజీవి దోమ పొట్ట నుంచి బయల్దేరి లాలాజల గ్రంథిలో చేరుతుంది, కుట్టినప్పుడు ఉమ్ముతో పాటు లోపలికి వస్తుంది. నీళ్ళు తాగితే వస్తుందన్న మాట అక్కడితో సరి.

ఇటలీవాళ్ళు మేమే కనిపెట్టాం అంటారు, ఎవరిది రైటు?

ఇద్దరిదీ, ముక్కలు ముక్కలుగా. మనిషి మలేరియా మొదటి సగం రాస్ చూపించాడు, పూర్తి చక్రం పక్షుల్లో చూపించాడు. మనిషి మలేరియా పూర్తి చక్రాన్ని అనాఫిలిస్‌లో 1898 చివర్లో తేల్చింది ఇటలీలో గ్రాసీ, ఆయనతో పాటు బిన్యామీ, బాస్టియనెల్లి. దోమ జాతి పేరుతో సహా చెప్పింది గ్రాసీనే. 1902 నోబెల్ మాత్రం రాస్ ఒక్కడికే వచ్చింది, లావెరాన్‌కి 1907లో ఇచ్చారు, గ్రాసీకి రానే లేదు. ఇద్దరూ బతికున్నంత కాలం తిట్టుకున్నారు. రాస్ ఆయన్ని మోసగాడు అనేదాకా వెళ్ళాడు, అది అన్యాయం, ఎంత అభిమానం ఉన్నా ఈ విషయంలో నేను ఆయన వైపు మాట్లాడను.

చివర్లో డబ్బుల్లేక కాగితాలు అమ్ముకున్నాడంట?

అమ్ముకున్నాడు. సర్ బిరుదు వచ్చింది, లండన్‌లో 1926లో ఆయన పేరుతో ఇన్‌స్టిట్యూట్ పెట్టారు, కానీ తన పనికి ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదన్న కోపం జీవితాంతం పోలేదు. 1928లో తన ఉత్తరాలు, నోటుపుస్తకాలు అన్నీ అమ్మకానికి పెడితే లేడీ హ్యూస్టన్ అనే ధనవంతురాలు 2000 పౌండ్లకి కొన్నది. 1932 సెప్టెంబర్ 16న పోయాడు.

ఇంజనీర్‌ని సార్, ఆయన లెక్కలేవో వేశాడంటారు, అవేంటి?

దోమల్ని తగ్గించి ఏం లాభం, ఒక్క దోమ మిగిలినా రోగం ఉంటుందిగా అని అప్పట్లో చాలామంది వాదన. 1910లో వచ్చిన పుస్తకంలో రాస్ లెక్క కట్టి చూపించాడు: ప్రతి దోమనీ చంపక్కర్లేదు, మనుషుల సంఖ్యకి దోమల సంఖ్య ఒక హద్దు కంటే కిందికి దిగితే చాలు, ఒక రోగి నుంచి వచ్చే కొత్త రోగులు ఒకరి కంటే తక్కువ అవుతారు, జబ్బు దానంతటదే ఆరిపోతుంది. కోవిడ్ టైమ్‌లో టీవీలో రోజూ ఆర్ నంబర్ అని చెప్పారే, దాని వేళ్ళు ఇక్కడున్నాయి. డాక్టరే చదవాలని పట్టుబట్టిన నాన్న అది చూడాల్సింది.

## ఇప్పుడు, ఇక్కడ

బేగంపేటలో ఆ ఇల్లు ఇంకా ఉందా? కోరంటి హాస్పిటల్‌కి ఈయనకీ ఏంటి సంబంధం?

ఉంది, పాత ఎయిర్‌పోర్ట్ దగ్గరే, ఉస్మానియా యూనివర్సిటీ కింద రొనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ అనే పేరుతో. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ అసలు పేరు కూడా సర్ రొనాల్డ్ రాస్ పేరుతోనే ఉంటుంది, జనం మాత్రం కోరంటి అంటారు, క్వారంటీన్ అనే మాట మన నోట్లో పడి అలా అయింది. రాస్ పనిచేసింది బేగంపేటలో, నల్లకుంటలో కాదు. రెండూ ఒకటే అనుకుని నల్లకుంట ఆటో ఎక్కేసినవాళ్ళు మా గ్రూపులోనే ఉన్నారు.

డెంగీ కూడా ఈయనే కనిపెట్టాడా?

లేదండీ. డెంగీ వైరస్, దాన్ని మోసేది ఏడిస్, తెల్ల చారల కాళ్ళు, పగలే కుడుతుంది. మలేరియా మోసే అనాఫిలిస్ ఆడదోమ రాత్రిపూట కుడుతుంది, వాలినప్పుడు తోక పైకి లేపి ఏటవాలుగా ఉంటుంది.

బెంగళూరు ఇంత ఎత్తులో, చల్లగా ఉంటుంది కదా, ఇక్కడ మలేరియా వస్తుందా?

వస్తుంది, తక్కువ. చలి వల్ల రాదు అనేది పాత మాట, మనం ఏమంత హిమాలయాల్లో లేం. అనాఫిలిస్ స్టీఫెన్సీ అనే జాతి ఊళ్ళలోనే బతకడం నేర్చుకుంది, ఓవర్‌హెడ్ ట్యాంకులు, బావులు, సంపులు, కట్టుబడి సైట్ల దగ్గర నిలవ పెట్టిన నీళ్ళు దానికి చాలు. చాలా కేసులు బయట ఊళ్ళ నుంచి వచ్చినవే, మా ల్యాబ్‌కొచ్చిన పాజిటివ్‌ల్లో ఎక్కువమంది సైట్లలో పనిచేసే కుర్రాళ్ళే. చలితో వణుకుతూ జ్వరం వస్తే డెంగీ టెస్ట్ ఒక్కటే చేయించి ఊరుకోకుండా మలేరియా స్మియర్ కూడా అడగండి.

మా ఓనర్ ఆంటీ డ్రమ్ములు కదపనివ్వట్లేదు, ట్యాంకర్ నీళ్ళు పారబోస్తారా అంటుంది, ఏం చేయాలి?

ఆంటీది న్యాయమే, ఎండాకాలం ట్యాంకర్ రేటు అందరికీ తెలుసు. పారబోయక్కర్లేదు. మూత బిగుతుగా పెట్టండి, మూత లేకపోతే పాత కాటన్ చీర రెండు మడతలేసి తాడుతో కట్టండి, సందు ఉండకూడదు. గుడ్డు నుంచి దోమ అవ్వడానికి వారం, పది రోజులు పడుతుంది, కాబట్టి వారానికోసారి నీళ్ళు వాడేసి, డ్రమ్ము లోపలి గోడలు బ్రష్‌తో గట్టిగా రుద్ది ఎండబెట్టండి. రుద్దడం ముఖ్యం, ఏడిస్ గుడ్లు గోడకి అంటుకుని నీళ్ళు లేకపోయినా నెలల తరబడి ఉంటాయి. ఆంటీ అప్పటికీ ఒప్పుకోకపోతే రాత్రి తొమ్మిదింటికి టార్చ్ తీసుకెళ్ళి డ్రమ్ములోకి వేసి ఆమెకే చూపించండి. మా పైపోర్షన్ ఆమె అలా చూసిన మర్నాడే మూతలు కొనుక్కొచ్చింది.